పండు బిళ్ళ

ఫార్మసీ టెక్నీషియన్ కోర్సులో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడ కనబడినా నన్ను ఒకటే అడుగుతారు. "మేడమ్, ఇన్ని మందుల పేర్లు ఎలా గుర్తుపెట్టుకోవాలి?" అని. పెట్టుకోలేరు. నేనూ పెట్టుకోలేదు. ఈ నెల తెల్ల అట్టలో వచ్చిన బిళ్ళ వచ్చే నెల గులాబీ అట్టలో వస్తుంది, దాని మీద పేరు పలకబోతే నోరు తిరగదు. కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు మాత్రం మారదు, అది చేసే పనీ మారదు. మొదటి ఏడాది ఆ చిన్న అక్షరాలు చదవడం నేర్చుకోండి, చాలు. కళ్ళజోడు కావాలంటే సిగ్గుపడకుండా పెట్టుకోండి.

నూజివీడు చుట్టుపక్కల ప్రభుత్వ ఆస్పత్రుల మందుల గదుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. చివరి చాలా ఏళ్ళు చాట్రాయి వైపు ఒక చిన్న ఆస్పత్రిలో చేశాను. ఊళ్ళో వాళ్ళకి నేను "మందులమ్మ గారు". అసలు పేరు మార్తమ్మ అని ఒక్క పింఛను ఆఫీసుకే పట్టింపు. బదిలీలు, ప్రమోషన్లు, ఆడిట్ల సంగతి రాయను. వాటిలో మీరు నేర్చుకునేది ఏమీ లేదు, నేనూ ఏమీ నేర్చుకోలేదు. ఒక షుగర్ బిళ్ళ ఒక తోటపని మనిషి ప్రాణం మీదికి ఎలా తెచ్చిందో చెబుతాను. ఫార్మకాలజీలో మీకు కావలసిన ఓనమాలన్నీ అందులోనే ఉన్నాయి.

నాలుగు ప్రశ్నలు

ముందు మా మొదటి ఆఫీసరు రాజారావు గారి గురించి చెప్పాలి. కోపిష్టి మనిషి. నేను ఉద్యోగంలో చేరిన రోజునే నా అరచేతిలో ఒక పారాసెటమాల్ బిళ్ళ పెట్టి, "ఇదేంటమ్మాయ్?" అన్నారు.

"జ్వరం బిళ్ళండి."

"అది ఎందుకిస్తామో చెప్పావ్. మింగాక అది ఏం చేస్తుందో చెప్పు."

"జ్వరం తగ్గిస్తుందండి" అన్నాను. అప్పటికి నేను డిప్లొమా ఫస్టు క్లాసులో పాసైన మనిషిని. ఆయన తల కొట్టుకుని ప్రతి మందుకీ వేసుకోవాల్సిన ప్రశ్నలు నాలుగు చెప్పారు. ఎటు పోతుంది? అక్కడ ఏం చేస్తుంది? ఎంతసేపుంటుంది? ఏ దారిన బయటికి పోతుంది? మీ పుస్తకంలో వీటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. పరీక్షకి ఆ పేర్లు రాయండి, మందుల గదిలో మాత్రం ఈ నాలుగూ అడగండి.

మింగిన బిళ్ళ కడుపులో, పేగుల్లో కరిగి రక్తంలో కలుస్తుంది. దారిలో లివర్ దాన్ని కొంత అరగదీస్తుంది. మిగిలింది వెళ్ళి తన పని చేస్తుంది. ఆ తర్వాత చాలా మందులు కిడ్నీల ద్వారా మూత్రంలో పోతాయి. పారాసెటమాల్ పని కొన్ని గంటలే, దాన్ని వదిలించుకునే భారం లివర్‌ది. ఒక మోతాదుకీ ఇంకో మోతాదుకీ మధ్య అంత ఎడం ఎందుకంటే లివర్‌కి ఊపిరి తీసుకునే టైము ఇవ్వడానికి. జి. కొండూరు నుంచి ఒక తల్లి బిడ్డకి జ్వరం దిగలేదని గంట గంటకీ సిరప్పు పోసి తీసుకొచ్చింది. ఎంత ప్రేమగా పోసినా దాన్ని ఓవర్‌డోసే అంటారు. సీసా అడుగున కాస్తే ఉండబట్టి గండం గడిచింది.

రాజారావు గారికి అన్నీ తెలుసు. కానీ రోగికి ఒక్క ముక్క చెప్పేవారు కాదు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, జరుగు" అని బిళ్ళలు కిటికీలోంచి తోసేసేవారు. ఆయన దగ్గర విద్య నేర్చుకున్నాను, ఆ పద్ధతి మాత్రం నేర్చుకోకూడదనుకున్నాను. గురువు దగ్గర ఏది తీసుకోవాలో ఏది వదిలేయాలో మీరే తేల్చుకోవాలి.

ఒకే రోగం, రెండు బిళ్ళలు

మా ఆస్పత్రిలో షుగర్‌కి ముఖ్యంగా రెండు రకాల బిళ్ళలు ఇచ్చేవాళ్ళం. ఒకటి మెట్‌ఫార్మిన్. లివర్ రక్తంలోకి వదిలే చక్కెరని తగ్గిస్తుంది, ఒంట్లో ఉన్న ఇన్సులిన్ బాగా పనిచేసేలా చూస్తుంది. పొట్టలో కాస్త గడబిడ చేస్తుంది గానీ, అదొక్కటే వాడే మనిషికి చక్కెర మరీ పడిపోవడం అరుదు.

రెండోది గ్లిబెన్‌క్లమైడ్. దీని తీరు వేరు. ఇది ఇన్సులిన్ తయారయ్యే గ్రంథిని, అంటే పాంక్రియాస్‌ని, తరిమి తరిమి ఇన్సులిన్ బయటికి తీయిస్తుంది. మీరు తిన్నారా లేదా అని దానికి అక్కర్లేదు. తింటే ఆ ఇన్సులిన్ తిన్న చక్కెరని సర్దుతుంది. తినకపోతే ఒంట్లో ఉన్న కాస్తనీ ఊడ్చేస్తుంది. పైగా తొందరగా వదలదు, ఒకసారి మింగితే రోజంతా దాని పెత్తనమే. పెద్దవయసులో కిడ్నీలు నెమ్మదిస్తే ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఇప్పుడు చాలామంది డాక్టర్లు పెద్దవాళ్ళకి దీన్ని రాయడం లేదు, మంచిపనే. కానీ ఇదే కోవలోని మందులు ఇంకా ఉన్నాయి, రోజూ మీ చేతి మీదుగానే వెళ్తాయి.

జనం మాత్రం రెంటినీ "షుగర్ బిళ్ళ" అనే అంటారు. వాళ్ళు అంటే ఫరవాలేదు. మీరు అన్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తినరాదు

ఏటా మామిడి కోతల రోజుల్లో మా మందుల గదికి ఒక చిత్రమైన సమస్య వచ్చేది. షుగర్ వాళ్ళకి నెలకి సరిపడా ఇచ్చిన మాత్రలు నెల తిరక్కముందే అయిపోయేవి. ఏమయ్యాయని అడిగితే ఒకాయన ఎలకలు కొట్టేశాయనేవాడు. ఒకావిడ వానకి తడిసిపోయాయంది. మే నెల ఎండల్లో వానకి తడిసిన మాత్రలు! అబద్ధమైనా అతికినట్టుండాలి కదా అని నవ్వేదాన్ని గానీ, ఎందుకు చెబుతున్నారో అర్థమయ్యేది కాదు.

అబద్ధం ఎందుకు పుట్టిందో తర్వాత తెలిసింది. అంతకుముందు పనిచేసి వెళ్ళిన డాక్టరు గారు వరండా గోడ మీద ఎర్ర రంగుతో "షుగర్ ఉన్నవారు మామిడిపండు తినరాదు" అని రాయించారు. ఆయన ఈ ప్రాంతం మనిషి కాదు. ఇక్కడ పెరుగన్నంలో మామిడి రసం పిండుకోకుండా వేసవి వెళ్ళదు. కూలికి వెళ్తే యజమాని ఇంటికి తీసుకెళ్ళమని పండ్లు ఇస్తాడు, చుట్టం వస్తే ముందు పండు చేతిలో పెడతారు. ఇలాంటి చోట "తినరాదు" అని రాస్తే జనం తినడం మానరు, మనకి చెప్పడం మానేస్తారు. ఆ గోడ రాత వల్ల ఒక్కరికీ షుగర్ తగ్గలేదు, మాకు నిజం మాత్రం కరువైంది.

వెంకాయమ్మ

కోత ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఊళ్ళో ఆటో నడిపే శ్రీను బండి ఆస్పత్రి గేటు దాకా వచ్చి ఆగింది. వెనక సీట్లో వాళ్ళమ్మ వెంకాయమ్మ స్పృహ లేకుండా ఒరిగిపోయి ఉంది. తోటల్లో కాయలు ఏరి, గడ్డి పరిచి పెట్టెల్లో సర్దే పని ఆమెది. షుగర్‌కి మా దగ్గరే మందులు తీసుకునేది. ఎప్పుడొచ్చినా నాతో రెండు పరాచికాలాడకుండా వెళ్ళేది కాదు.

"వడదెబ్బండీ! చెట్టు కింద కూలబడిపోయిందంట. ఉల్లిపాయ నలిపి రాశారు, మజ్జిగ తాగిద్దామంటే మింగట్లేదండీ!" అన్నాడు శ్రీను ఏడుస్తూ.

నేను చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది, చెమటకి తడిసి ముద్దయిపోయింది. ముదిరిన వడదెబ్బైతే ఒళ్ళు పెనంలా కాలాలి. డాక్టర్ హర్షిత గారు, ఆ ఏడే కొత్తగా వచ్చిన అమ్మాయి, అప్పటికే వేలికి సూది గుచ్చి రక్తం చుక్క మీటరుకి అందిస్తోంది. చక్కెర పాతాళంలో ఉంది. నరానికి గ్లూకోజ్ ఎక్కిస్తుంటే వెంకాయమ్మ కళ్ళు తెరిచి, "నా గంప ఏదిరా?" అంది.

ఇక్కడ ఒకటి చెప్పాలి. స్పృహ లేని మనిషి నోట్లో మజ్జిగ గానీ పంచదార నీళ్ళు గానీ పోయకండి. అది కడుపులోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెలకువగా ఉండి మింగగలిగితేనే తీపి ఇవ్వాలి.

కాస్త తేరుకున్నాక పక్కన కూర్చున్నాను. "పొద్దున ఏం తిన్నావు వెంకాయమ్మా?"

"టీ తాగానండి."

"మధ్యాహ్నం?"

"తినలేదండి."

"బిళ్ళ?"

మొహం గోడవైపు తిప్పుకుంది. "రోజూ ఏసుకునేది ఏసుకున్నానండి. పండు బిళ్ళ కూడా ఏసుకున్నా."

పండు బిళ్ళ అనే మాట నా ఉద్యోగంలో ఎన్నడూ వినలేదు. బతిమాలి, బుజ్జగించి మొత్తం రాబట్టాను. ఆ సాయంత్రం తోట యజమాని కూలీలకి ముగ్గిన రసాల పండ్లు ఇస్తానన్నాడు. పండు తినే రోజు ఒక గ్లిబెన్‌క్లమైడ్ ఎక్కువ వేసుకుంటే ఆ తీపిని అది తినేస్తుందని లెక్క. సాయంత్రానికి మందు తయారుగా ఉండాలని పొద్దున్నే వేసుకుంది. పండుకి చోటుండాలని అన్నం మానేసింది. అన్నీ జాగ్రత్త కోసమే చేసింది పిచ్చితల్లి! ఎక్కువైన మందు, ఖాళీ కడుపు, పొద్దుటి నుంచి ఎండలో పని. పండు ఇంకా నోటి దాకా కూడా రాలేదు.

"ఎవరు చెప్పారు నీకిది?"

"ఎలియా మాస్టారండి. ఆయన ఏటా అట్టాగే తింటారంట. ఆయనకేం కాలేదు గదండీ."

వేసవిలో మాత్రలు ఎటు పోతున్నాయో నాకు అప్పటికి తెలిసింది.

లేచింది కదండీ

అసలు పోట్లాట అప్పుడు మొదలైంది. రేపటి దాకా ఆస్పత్రిలోనే ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. తల్లీకొడుకులు ఇద్దరూ ఒప్పుకోలేదు.

"గేదెకి పాలు తియ్యాలమ్మగారూ. నేను తప్ప ఎవుర్నీ దగ్గరికి రానివ్వదు" అంది వెంకాయమ్మ.

"సీసా ఎక్కింది, లేచింది, మాట్లాడుతుంది కదండీ, ఇంకేంటి?" అన్నాడు శ్రీను.

డాక్టరమ్మ నా వైపు తిరిగి, "మార్తమ్మ గారూ, నేను చెప్పింది నిజమే అని మీరు వాళ్ళ భాషలో చెప్పండి" అంది. మంచి డాక్టరంటే అలా ఉండాలి. తన మాట ఎవరి నోట చెల్లుతుందో తెలుసుకుని వాళ్ళ చేత చెప్పించింది.

"ఒరే శ్రీనూ, మేం ఎక్కించిన గ్లూకోజ్ కాసేపట్లో ఖర్చైపోతుంది. మీ అమ్మ మింగిన బిళ్ళలు మాత్రం రాత్రంతా డ్యూటీలోనే ఉంటాయి. అవి దిగిపోయేదాకా ఎవరో ఒకరు కాపలా ఉండాలి" అన్నాను.

"ఇంటికాడ మేం కాపలా ఉంటాం గదండీ."

"ఉండు. మళ్ళీ పడిపోతే ఏం పోస్తావు? మజ్జిగేనా?"

మాట కాస్త కటువుగానే వచ్చింది. మెత్తగా చెబితే ఆటో స్టార్టు చేసేవాడు. మొహం ముడుచుకునే బెంచీ మీద కూర్చున్నాడు. గేదె పాలు తియ్యడానికి వాళ్ళ పిన్నిని పంపించాడు.

పొద్దుగూకే వేళకి వెంకాయమ్మ మంచం మీద కూర్చుని పిన్ని గేదెని ఎలా బెదరగొట్టి ఉంటుందో నాకు వర్ణిస్తోంది. మాట మధ్యలో ఆగిపోయింది. నా వైపు చూస్తూ "అక్కా" అంది. ఆ అక్క చనిపోయి చాలా కాలమైంది. నుదుటి మీద చెమట ముత్యాల్లా లేచింది. పరుగెత్తుకెళ్ళి డాక్టరమ్మని పిలిచాను. చక్కెర మళ్ళీ పడిపోయింది. మళ్ళీ గ్లూకోజ్ పెట్టి, డ్రిప్పు ఆపకుండా నడిపించి, అవసరమైతే నూజివీడు తరలించడానికి అంబులెన్సుని కూడా గేటు దగ్గర సిద్ధంగా ఉంచింది డాక్టరమ్మ. అన్నేళ్ళ అనుభవం ఉండి కూడా నాకు భయం వేసింది. పుస్తకంలో చదివింది కళ్ళ ముందు జరిగితే భయం వేయదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఈసారి తెలివొచ్చాక శ్రీను తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఇంటికి తీసుకుపోయుంటే…" అని ఆగాడు.

మీ పుస్తకంలో హాఫ్ లైఫ్ అని ఒక పాఠం ఉంటుంది. అంటే రక్తంలో మందు సగానికి తగ్గడానికి పట్టే కాలం. అంకెలు వేసి పది మార్కులు తెచ్చుకోండి, వద్దనను. కానీ రోగి మొహం కళకళలాడుతున్నంత మాత్రాన మందు వెళ్ళిపోయినట్టు కాదని గుర్తుంచుకోండి. ఏ మందు మింగారో, ఎప్పుడు మింగారో, ఎన్ని మింగారో కనుక్కుని డాక్టరుకి చేరవేయడం మీ పని. మోతాదు మార్చడం మీ పని కాదు. ఈ రెంటి మధ్య గీత చెరిపేసుకున్న టెక్నీషియన్లని చూశాను, వాళ్ళు రోగులకి చేసిన మేలు తక్కువ.

మాస్టారి లెక్క

మర్నాడు పొద్దున్నే ఎలియా మాస్టారు వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు, మా చర్చి సంఘంలో పెద్ద. నా పెళ్ళిలో ప్రార్థన చేసింది కూడా ఆయనే. వెంకాయమ్మని పలకరించి, నన్ను పక్కకి పిలిచారు.

"ఏమ్మా మార్తమ్మా, నా లెక్క తప్పని అందరికీ చెబుతున్నావంట?"

"తప్పేనండి మాస్టారూ."

"ఎలా తప్పు? తీపి పెరిగితే మందు పెంచాలి. రెండు వైపులా సమానం. ఐదో క్లాసు పిల్లాడికి తెలుసు."

"పండు మీరు తిన్నప్పుడు తీపవుతుందండి. బిళ్ళ మాత్రం మింగినప్పటి నుంచే పని మొదలుపెడుతుంది. పండు ఆలస్యమైనా, చిన్నదైనా, అసలు రాకపోయినా అది ఆగదు. మీ లెక్కలో టైము లేదండి."

ఆయన ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి తింటున్నాను, నాకేమైందన్నారు. గొంతు పెంచారు కూడా. చిన్నప్పటి నుంచి ఆయన గొంతు పెంచితే నేను తగ్గేదాన్ని, ఆ రోజు తగ్గలేదు. చక్కెర పడిపోతే ఎలా ఉంటుందో ఒక్కొక్కటే చెప్పాను. చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. గుండె దడదడలాడుతుంది. ఎక్కడలేని ఆకలి వేస్తుంది. మాట తడబడుతుంది, ఎదుటి మనిషి ఎవరో పోల్చుకోలేం.

మాస్టారు మెల్లగా బెంచీ మీద కూర్చున్నారు.

"సాయంత్రం ప్రార్థనలో నాకూ వస్తాయమ్మా అవి. ఎండాకాలమే వస్తాయి. వయసనుకున్నాను." మోచెయ్యి తడుముకుంటూ, "పోయినేడు స్కూటరు మీంచి పడ్డానే. అప్పుడు కూడా ముందు ఇంతే" అన్నారు.

అప్పుడు మేమంతా బత్తాయిలు పట్టుకుని చూడడానికి వెళ్ళి, రోడ్డు వేసినవాణ్ణి తిట్టి వచ్చాం. ఒక్కరం కూడా ఆయన మింగిన బిళ్ళల గురించి అడగలేదు.

ఆయన లేచి వెంకాయమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, చేతులు జోడించి, "తెలియని సంగతి తెలిసినట్టు చెప్పానమ్మా. క్షమించు" అన్నారు. ఆవిడ కంగారుపడి లేవబోయింది. "అయ్యో, అదేంటండీ మాస్టారూ, మీరు నాకు దణ్ణం పెట్టడమేంటండీ!" అంది. సంఘం మొత్తానికి బోధించే మనిషి ఒక కూలీ మనిషి మంచం పక్కన అలా నిలబడడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఆయన మీద కోపమంతా పోయింది.

అప్పుడే డాక్టరమ్మ రౌండ్సుకి వచ్చింది. వెంకాయమ్మ మందు మార్చి రాసింది. మాస్టారిని కూడా రక్తపరీక్షకి పంపింది. తర్వాత ఇద్దరికీ వినబడేలా నెమ్మదిగా చెప్పింది. "మామిడిపండు విషం కాదండీ. షుగర్ అదుపులో ఉన్నప్పుడు చిన్న ముక్క తినొచ్చు, ఆ పూట అన్నం కాస్త తగ్గించుకోవాలి. రసం తాగేయకూడదు. బిళ్ళ పెంచకూడదు, అన్నం మానకూడదు. ఎంత ముక్క అనేది మీ షుగర్ చూసి నేను చెబుతాను."

వెంకాయమ్మ ఆవిడ వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. "అయితే తినొచ్చాండీ?"

"కొంచెం" అన్నాను.

"ఇన్నేళ్ల నుంచి మీ దగ్గరికి వస్తున్నానండీ. తినొద్దనే అన్నారు గానీ, ఎంత తినొచ్చో ఎవురూ చెప్పలేదు. అడిగితే తిడతారని నేనూ అడగలేదు." గొంతులో ఎక్కడా నిష్ఠూరం లేదు, తెలుసుకుందామనే అడిగింది. "ఈ ముక్కేదో ముందే చెప్పుంటే, నేను ఆ పండు బిళ్ళ ఎందుకు మింగుతానండీ?"

ఇన్నేళ్ళూ ఆమెకి బిళ్ళలిచ్చింది నేనే కాబట్టి జవాబు కూడా నేనే చెప్పాలి.

"మేం చెప్పలేదు కాబట్టే మింగావు వెంకాయమ్మా" అన్నాను.